పేగుల అలజడి : నూటికెందరికి?

గ్రంథాలయమునకు వచ్చి దినపత్రికలు చదువువారిలో ఎల్లప్పుడు వాకిలి ప్రక్క బల్లమీదనే కూర్చుండువారు ఒకరో ఇద్దరో ప్రతి ఊరిలోను ఉందురు. లోపల ఫ్యాను క్రింద చోటున్నను వారు అచటికి పోరు. పత్రిక సగము చదివి, మడిచిపెట్టి, గబగబ ఇంటిదారి పట్టుదురు. అరగంటకు మరల వచ్చి విడిచినచోటినుండి చదువుకొందురు. చూచువారికి అది చపలచిత్తముగా తోచును. తాడిపత్రికి బస్సులో పోవలసిన దినమున అట్టివారు తెల్లవారినది మొదలు ఏమియు తినరు. పెండ్లిలో మొదటి బంతికి కూర్చుండరు. గుంటమగ్గములో కాళ్లు దించిన నేతగాడైనచో పోగు తెగకున్నను జాముకు నాలుగుసార్లు లేచును. చెనక్కాయలు పెరుకు కూలిమనిషి, అందులోను ఆడుమనిషి యైనచో, ప్రొద్దు క్రుంకువరకు ఓర్చుకొని, ఆ ఓర్పు చాలక పొట్ట పట్టుకొని గట్టుమీద కూలబడును. ఏమని అడిగినచో "ఏమీ లేదు, కడుపు కొంచెము బాగలేదు" అని చెప్పి ఊరుకొందురు.

ఈ ప్రసంగము అట్టివారిని గురించినది. వారికి గల బాధ ఏమి, దానికి పేరు కలదా, అట్టివారు లోకములో ఎందరున్నారు అనునది విషయము. మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. ఏలయనగా ఈ బాధ గల ప్రతివాడును "ఊరికంతటికి నేనొక్కడినే" అని తలచుచున్నాడు.

ఇంగ్లీషు వైద్యులు దీనికి 'ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్' అని పేరు పెట్టి, పొడి అక్షరములలో ఐ.బి.ఎస్. అని వ్రాయుదురు. పేగుల అలజడి అన్నచో తెలుగువారికి సులభముగా తెలియును. కడుపులో నొప్పి వచ్చుచు పోవుచుండును. ఆ నొప్పికి దొడ్డికి పోవుటతో సంబంధముండును. పోయివచ్చిన తరువాత కొందరికి తగ్గును, కొందరికి హెచ్చును. కొందరికి బేదులు, కొందరికి మలబద్ధము, మరికొందరికి నాలుగునాళ్లు అది, నాలుగునాళ్లు ఇది. దీనికితోడు ఉబ్బరము, జిగట, పోయివచ్చినను ఇంకను మిగిలియున్నదను భావము. రక్తము పరీక్షించినను, మలము పరీక్షించినను, లోనికి గొట్టము పంపి చూచినను పుండు లేదు, గడ్డ లేదు, వాపు లేదు. అంతట ఇంటివారు "రోగమే లేదు, అంతయు భ్రమ" అని తీర్పు చెప్పుదురు.

ఆ తీర్పు తప్పు. పేగుల గోడలలో కోట్లకొలది నాడీకణములు కలవు. పేగులకును మెదడునకును రేయింబవళ్లు వర్తమానములు నడచుచుండును. పరీక్ష వ్రాయబోవు పిల్లవానికి, కోర్టులో సాక్ష్యము చెప్పబోవు రైతునకు కడుపు తిప్పుట ఎవరెరుగరు? ఆ రాకపోకలు నిలుకడగా గతి తప్పినచో పేగు ఒకప్పుడు వడిగాను, ఒకప్పుడు మందముగాను కదలును. ఇతరులకు తెలియనైన తెలియని గాలి కదలికను కూడ ఆ మనిషి మెదడు నొప్పిగా గ్రహించును. గొట్టములోనుండి చూచు కంటికి ఇది కనబడదు. కాయ పాడుగాలేదు గాని దాని పని చెడినది. 2016లో ప్రపంచ నిపుణులు ఈ జాతి రుగ్మతలను 'పేగునకును మెదడునకును గల పరస్పర వ్యవహారములోని వికారములు' అని పిలువసాగిరి. మోటారులో చక్రములన్నియు సరిగానే యుండి, కరెంటు హెచ్చుతగ్గులైనచో నీరు సరిగా ఎక్కదు. బోరుబావి గల రైతులకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఇది ప్రాణము తీయునది కాదు. ఎన్ని సంవత్సరములున్నను క్యాన్సరుగా మారదు. ఈ రెండు మాటలు రోగికి చెప్పినచో సగము నెమ్మది కలుగును, చెప్పువారే తక్కువ.

ఇక లెక్క. పూర్వము ఈ రోగమును ఆసుపత్రికి వచ్చినవారిని బట్టియే అంచనా కట్టుచుండిరి. ఆసుపత్రి గుమ్మము తొక్కనివారి మాట ఎవరును తలపలేదు. 1980లో థాంప్సన్, హీటన్ అను ఇద్దరు వైద్యులు బ్రిటనులో ఒక చిన్న పని చేసిరి. ఏ రోగమును లేదని తలచుచున్న 301 మందిని పిలిచి కడుపు సంగతులు అడిగిరి. వారిలో నూటికి 13, 14 మందికి సరిగా ఈ బాధ లక్షణములే యున్నవి. వారిలో పెక్కుమంది ఆ బాధకై వైద్యుని ముఖము చూచినవారు కారు. ఈ రోగము ఆసుపత్రిలో కంటె ఇండ్లలోనే అధికముగా కాపురమున్నదని దానివలన తెలిసినది.

ఆ తరువాత దేశదేశముల లెక్కలు వచ్చినవి. అవి ఒకదానితో నొకటి పొసగవు. 2012లో లోకములోని పరిశీలనలన్నిటిని కూర్చి చూచినప్పుడు నూటికి 11 మందికి పైగా అని తేలినది. 2020లో అట్టి మరియొక కూర్పునందు ఒక పద్ధతిని 9 మందికి పైగా అనియు, మరియొక పద్ధతిని నలుగురికి లోపు, అనగా 3.8 అనియు వచ్చినది. ఎనిమిది సంవత్సరములలో రోగము మూడవవంతుకు దిగినదా? ఎంతమాత్రము కాదు. దీనిని కళ్లమునకు పోయిన ప్రతి రైతును గ్రహింపగలడు. రాశి అదియే, కుంచము మారినది.

ఆ కుంచము కథ కొంత చెప్పవలసియున్నది. ఏ పరీక్షకును దొరకని రోగమును లక్షణములనుబట్టియే గుర్తింపవలెను గనుక, ఏయే లక్షణములు ఎంతకాలమున్నచో ఈ పేరు పెట్టవలెనని వైద్యులు కట్టుబాటు చేసికొనిరి. 1978లో మానింగ్ అను వైద్యుడును ఆయన సహచరులును మొదటి కట్టుబాటు చేసిరి. తరువాత రోము నగరమున నిపుణులు కూడిరి. అందువలన అటుపిమ్మట వచ్చినవానికి రోము సూత్రములని పేరు. 2006లో వచ్చిన మూడవ రోము సూత్రముల ప్రకారము నెలకు మూడుదినములు కడుపునొప్పి గాని, కడుపులో 'అసౌకర్యము' గాని యున్నచో చాలును. 2016 నాటి నాలుగవ సూత్రముల ప్రకారము నొప్పియే యుండవలెను. అదియు సగటున వారమునకొక దినమైన నుండవలెను. మూడునెలలు అట్లు నడచి, మొదలై ఆరునెలలు గడచియుండవలెను. దానికి తోడు ఆ నొప్పి దొడ్డికి పోవుటతో ముడిపడి యుండుట, పోవుటలో హెచ్చుతగ్గులు కలుగుట, మలము తీరు మారుట అను మూడింటిలో రెండైన ఉండవలెను. కుంచము పెద్దదైనది, కొలతలు తగ్గినవి.

'అసౌకర్యము' అను మాటను ఏల తీసివేసిరో వినదగినది. ఆ మాటకు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క అర్థము వచ్చుచున్నది. కొన్ని భాషలలో దానికి మాటయే లేదు. తెలుగున మాత్రమేమి? "కడుపులో ఒకటే ఇదిగా ఉంది" అందురు. "బిర్రుగా ఉంది" అందురు. "గ్యాసు పట్టింది" అందురు. 'గ్యాసు' అను ఆ ఒక్క మాటలో ఛాతీ మంట, ఉబ్బరము, త్రేన్పులు, నడుమునొప్పి, తుదకు గుండెనొప్పి కూడ ఇమిడియున్నవి. రోమునగరమున కూర్చున్న పండితులకు ఈ చిక్కు కొంత తెలిసినందుకు సంతోషింపవలెను గాని, తెలుగు రోగి నోట 'నొప్పి' అను మాట వచ్చునంతవరకు వైద్యుడు ఓపికతో వేచియుండవలెను. నొప్పి లేని ఉబ్బరము ఈ లెక్కలోనికి రాదు. అయినను దాని బాధ దానికున్నది.

మన దేశపు లెక్కకు వత్తము. 2008లో భారత జీర్ణవ్యవస్థ వైద్యుల సంఘము వారు పలు కేంద్రములలో రోగులను, ఇండ్లలోని సామాన్య జనులను విచారించి ప్రకటించిన నివేదికలో సామాన్య జనులలో నూటికి 4.2 మంది అని కలదు. 2011లో ఢిల్లీ సమీపమున హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున 4,700 మందికి పైగా జనులను విచారించిన పరిశీలనలో నూటికి నలుగురు అని వచ్చినది. 2001 నాటి ముంబయి నగర పరిశీలనలో మాత్రము ఏడుగురికి పైగా అని కలదు. ఏ కుంచమో, ఏ ఊరో గమనించుచు చదివినచో నూటికి నలుగురన్నది మన దేశమునకు తక్కువ పక్షపు లెక్కగా నమ్మదగినది.

అనగా ఈ సభలో నూరుమంది పెద్దలు కూర్చున్నారనుకొన్నచో నలుగురు. వేయిమంది పెద్దలున్న వాడలో నలుబది మంది. ఆ నలుబదిమందిలో ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. చక్కెరవ్యాధి దేశమున పెద్దలలో నూటికి 11 మందికి పైగా కలదని 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము చెప్పుచున్నది. చక్కెరవ్యాధి గలవారు అరుగుమీద కూర్చుండి "నాకు మూడువందలు", "నాకు రెండువందల ఎనుబది" అని బిగ్గరగా చెప్పుకొందురు. ఏ మాత్ర మంచిదో విచారించుకొందురు. పేగుల అలజడిని గురించి భర్తకు భార్యయు, భార్యకు భర్తయు చెప్పుకొనరు. నోట చెప్పరాని ద్వారమునకు సంబంధించిన రోగమగుటయే దీని దురదృష్టము.

ఈ సిగ్గు లెక్కలలో కూడ కనబడుచున్నది. 2021లో రోము సంస్థవారు 33 దేశములలో 73 వేలమందికి పైగా జనులను విచారించి గొప్ప నివేదిక ప్రకటించిరి. కొన్ని దేశములలో ఇంటర్నెట్ ద్వారా ప్రశ్నలు పంపిరి. జనులు ఒంటరిగా కూర్చుండి జవాబులు నింపిరి. మన దేశము, బంగ్లాదేశము, నైజీరియా మొదలగు తొమ్మిది దేశములలో ఇంటింటికి పోయి మనిషిని ఎదుట కూర్చుండబెట్టి అడిగిరి. ఒంటరిగా జవాబు చెప్పినవారిలో నూటికి 4.1, ఎదురెదురుగా అడిగినచోట 1.5. రెండును ఒకే కుంచము, అనగా నాలుగవ సూత్రములే. దేశముల అలవాట్లలో భేదము నిజముగా కొంత ఉండవచ్చును. కాని గడపలో క్రొత్తమనిషి కాగితము పట్టుకొని "అమ్మా, వారమునకెన్నిసార్లు పోవుదురు? గట్టిగానా, పలుచగానా?" అని అడుగుచుండ, వెనుక అత్తగారును, వసారాలో మామగారును వినుచుండ, ఏ కోడలు నిజము చెప్పును? ఆ రెండు అంకెల నడుమనున్న ఖాళీలో కొంత భాగము సిగ్గుకు చెందినదని తలచుట తప్పు కాదు.

స్త్రీల మాట వచ్చినది గనుక అచట కొంత నిలువవలెను. పాశ్చాత్య దేశములలో ఈ బాధ పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. మన దేశపు ఆసుపత్రులలో చూచినచో చిత్రము తారుమారు. వచ్చినవారిలో పురుషులే ఎక్కువ. దీనినిబట్టి హిందూదేశపు స్త్రీల పేగులు గట్టివని కొందరు తలచిరి. కాని బల్లభ్‌గఢ్‌లో ఇంటింటి లెక్క తీసినప్పుడు స్త్రీలలో నూటికి 4.8, పురుషులలో 3.2 అని తేలినది. స్త్రీలు ఆసుపత్రికి రాలేదంతే. బస్సుకు డబ్బులు, తోడు వచ్చు మనిషి, ఒకదినపు కూలి, ఈ మూడును సమకూడినప్పుడే పల్లెలో ఆడుమనిషి వైద్యునియొద్దకు పోవును. అంతకుముందే పిల్లవానికి జ్వరము వచ్చియుండును.

వచ్చినప్పుడైన ఏమి జరుగుచున్నది? ఆమె చెప్పునది "పొత్తికడుపు నొప్పి" అను ఒక్క మాట. ఆ మాట విన్న వైద్యునికి పేగులు తట్టవచ్చును, గర్భసంచి తట్టవచ్చును. అమెరికాలో 2004లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలనలో, పేగుల అలజడి ఉన్నట్లు చెప్పబడినవారికి ఇతరులకంటె పిత్తాశయము తీసివేయుట మూడింతలు, గర్భసంచి తీసివేయుట సుమారు రెండింతలు జరిగియున్నట్లు కనబడినది. తెలుగుదేశమునకు ఈ వార్త దూరపు వార్త కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 మంది యుండగా, ఆంధ్రప్రదేశములో 8.9, తెలంగాణలో 7.7. దేశమున కెల్ల ఆంధ్రప్రదేశమే మొదటిది. వారందరికి పేగుల బాధయే యుండెనని చెప్పుట అన్యాయమగును; గడ్డలు, అధిక రక్తస్రావము మొదలగు తగిన కారణములు పెక్కురకు ఉండును. అయినను కడుపునొప్పి అని పోయిన ప్రతి స్త్రీని "నొప్పి దొడ్డికి పోయివచ్చిన తరువాత తగ్గునా?" అని ఒక్కసారి అడిగి, తరువాత కత్తి పట్టినచో, కొందరైనను ఆ బల్ల ఎక్కకపోయెడివారు. సంచి తీసినను నొప్పి పోలేదని చెప్పు స్త్రీలు ఊరూర కలరు.

మలము సంగతి మాటలాడుట సభలో అసహ్యమని తోచవచ్చును. కాని ఏది మామూలు, ఏది రోగము అను ఎరుక లేకయే పెక్కుమంది బాధపడుచున్నారు. వారమునకు మూడుసార్లు మొదలు దినమునకు మూడుసార్లవరకు పోవుట మామూలేయని పాశ్చాత్య వైద్యగ్రంథములు చెప్పును. మన తిండి వేరు. 1975లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ఉత్తర భారతీయుల మలము దినమునకు సగటున 311 గ్రాములు తూగినది. బ్రిటనువారిది సుమారు 100 గ్రాములు. సంగటి, రొట్టె, ఆకుకూర, అలసందలు తినువారికి దినమునకు రెండుసార్లు మెత్తగా పోవుట ఆరోగ్యమే. ఒకదినము తప్పినంతనే భేదిమందు మ్రింగుట ఒక తప్పు; రెండుసార్లు పోయినంతనే బేదులని కట్టుబిళ్ల మ్రింగుట మరియొక తప్పు. నొప్పి ఉన్నదా, వెనుకటి అలవాటు మారినదా అనునవియే చూడవలసినవి.

పెద్దవారు ఈ సందర్భమున 'గ్రహణి' అను పేరు తలచుదురు. చరకసంహిత చికిత్సాస్థానమున గ్రహణికి ఒక అధ్యాయమే కలదు. ఆ పేరు క్రింద పేగుల అలజడియు వచ్చును. దానికంటె చాల ఘోరమైన మరియొక రోగమును వచ్చును. ఆ రెండవదానిని ఇంగ్లీషువారు స్ప్రూ అందురు. దానియందు తిన్న అన్నము ఒంటబట్టదు. మనిషి పాలిపోయి, నోరు పూసి, ఎముకలు తేలి కృశించును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు కొలదిదినముల ఎడముతో ఈ రోగముననే పోయిరి. ఆయనకును అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని చెప్పుదురు. ఆ దుఃఖమును మరువని సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచు, స్ప్రూ రోగమునకు ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించిరి. 1945లో ఆ వార్త లోకమునకు తెలిసినది. 1948లో ఆయన గతించిరి. పేగుల అలజడి గల మనిషి కృశింపడు, రక్తము తగ్గదు. కృశించుచున్నచో దానిని పేగుల అలజడి అని ఊరుకొనరాదు. ఒకే పేరు రెండింటికి పెట్టుటవలన మొదటిదానికి భయపడుచు, రెండవదానిని ఉపేక్షించుట జరుగుచున్నది.

ఈ బాధ ఎచటనుండి వచ్చును? కారణమొకటి కాదు. అందులో ఈ సీమవారికి మిక్కిలి సంబంధించినది నీరు. అనంతపురము జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. కురియని ఏండ్లు వేరు. ఎండకాలమున ట్యాంకరు నీరు, అడుగంటిన తొట్టినీరు త్రాగవలసివచ్చును. ఆ తరువాత మొదటి వానకు బేదులు, జిగట విరేచనములు వచ్చుట అలవాటే. అవి వారము పదిదినములలో తగ్గిపోవును, జనులు మరచిపోవుదురు. పేగులు మాత్రము మరువవు. అట్టి పేగుల జబ్బు పడి లేచినవారిలో ఇంచుమించు పదిమందికొకరికి మరుసటి ఏటికి పేగుల అలజడి నిలిచియుండునని 2017లో పలు పరిశీలనలను కూర్చి తేల్చిరి.

దీనికి గట్టి సాక్ష్యము కెనడాలోని వాకర్టన్ అను చిన్న ఊరు. అది సుమారు అయిదువేల మంది జనాభా గల ఊరు. 2000 సంవత్సరము మే నెలలో గట్టివాన కురిసి, పశువుల పేడ నీటిలో కలిసి ఊరి మంచినీటి బావిలోనికి దిగినది. క్రిమినాశక మందు సరిగా కలుపలేదు. 2,300 మందికి పైగా జబ్బుపడిరి, ఏడుగురు మరణించిరి. రెండుమూడేండ్ల తరువాత వైద్యులు పోయి ఆ ఊరివారిని విచారించిరి. ఆనాడు జబ్బుపడనివారిలో నూటికి 10 మందికి పేగుల అలజడి కలదు. జబ్బుపడినట్లు వైద్యులు నిర్ధారించినవారిలో నూటికి 36 మందికి కలదు. ఒక్క వాన, ఒక్క బావి, మూడింతలకు పైగా రోగము. కళాయి గల బిందెలో నీరు మరగించి చల్లార్చి త్రాగుమని ముసలివారు చెప్పుట ఆనాటి బేదులను ఆపుటకు మాత్రమే కాదని దీనివలన గ్రహింపవచ్చును.

తిండి సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకరికి పడినది మరియొకరికి పడదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమువారు పేగులలో పులిసి గాలి పుట్టించు పదార్థముల పట్టిక తయారుచేసిరి. అందు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, గోధుమలు, శనగలు, పాలు కలవు. బియ్యము, వేరుశనగ హానిలేనివానిలో చేరినవి. వేరుశనగ పండించు సీమకు ఇది కొంత ఊరట. ఒకేసారి అన్నియు మానుట తగదు. ఒకటి రెండు వారములు ఒకదానిని మాని, మరల తిని చూడవలెను. పాలను ప్రత్యేకముగా పరీక్షించుకొనవలెను. దక్షిణ భారతీయులలో మూడింట రెండువంతులమందికి పాలలోని చక్కెర సరిగా జీర్ణము కాదని 1981 నాటి పరిశీలన చెప్పుచున్నది. బలమునకని పూటకొక గ్లాసు పాలు త్రాగి ఉబ్బరమని మూలుగువాడు మజ్జిగకు మారినచో కొన్ని సందర్భములలో వైద్యుని అవసరమే రాదు.

మందులకును కొంత స్థానమున్నది. ఇసబ్గోలు నానబెట్టి త్రాగుట పలువురికి మేలు చేయును. నొప్పికి, బేదులకు, మలబద్ధమునకు వేర్వేరు మందులు కలవు. 2023లో ఇంగ్లండునందు 463 మంది రోగులపై జరిగిన ప్రయోగములో, అమిట్రిప్టిలిన్ అను మందు చాల స్వల్పమోతాదున ఈ బాధను తగ్గించినట్లు నిరూపితమైనది. అది మొదట మనోవ్యాధికి వాడిన మందు. మందుల అంగడిలో ఎవరో ఆ మాట చెప్పగానే "నాకు పిచ్చియని వ్రాసినాడు" అని చీటీ చించివేయువారున్నారు. ఆ మోతాదున అది పేగు నాడులను శాంతపరచుటకే ఇయ్యబడును. వైద్యుడు ఈ సంగతి ముందే చెప్పినచో చీటీ చినుగదు.

దీనికి బదులు జరుగుచున్నదేమనగా, "అమీబా" అని చెప్పి ఏటికి నాలుగు విడతలు క్రిమిసంహారక మాత్రలు, నీరసమని సెలైన్ బాటిళ్లు, ఒక పట్టణమున ఒకసారి, మరియొక పట్టణమున మరియొకసారి అవే స్కానింగులు. చెనక్కాయల డబ్బు చేతికి వచ్చిన నెలలోనే ఇవి హెచ్చుగా జరుగును. పత్రికలలోని 'గ్యాసు మటుమాయము' ప్రకటనల సంగతి చెప్పనక్కరలేదు. వాకిలి ప్రక్క బల్లమీద కూర్చున్న పాఠకుడు వార్తలకంటె ముందుగా వానినే చదువునని గ్రంథపాలకులకు తెలియును.

కొన్ని గుర్తులు మాత్రము కనబడినచో పేగుల అలజడి అని ఇంట కూర్చుండరాదు. మలములో రక్తము పడుట, ప్రయత్నింపకయే బరువు తగ్గుట, విడువని జ్వరము, ఒంట రక్తము తగ్గుట, నిద్రలోనుండి లేపు బేదులు, ఏబది ఏండ్లు దాటిన తరువాత మొదటిసారిగా ఈ బాధ ఆరంభమగుట, రక్తసంబంధులలో ఎవరికైనను పెద్దపేగు క్యాన్సరు వచ్చియుండుట. మన దేశమున పేగుల క్షయ కూడ ఇంకను కలదు. వీనిలో ఏదియున్నను పరీక్షలు తప్పవు. అపుడు పరీక్షలకు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇవేవియు లేనివారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవునపుడు రెండువారముల సంగతి ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది. ఏనాడు నొప్పి వచ్చినది, ఎన్నిసార్లు పోయిరి, గట్టిగానా పలుచగానా, ఆనాడు ఏమి తినిరి, నిద్ర పట్టినదా, ఇంట ఏదైన తగవు గాని అప్పులవాని రాక గాని జరిగినదా. మలము తీరును ఏడువిధములుగా విభజించిన బ్రిస్టల్ పట్టిక ఒకటి 1997 నుండి వైద్యులయొద్ద వాడుకలో నున్నది. వేరుశనగ గింజలవంటి విడివిడి ఉండలు మొదలుకొని కేవలము నీటివరకు. సిగ్గుపడువారు నోరు మెదపక ఆ పట్టికలో వ్రేలితో చూపినచో చాలును. వ్రాయుట రాని స్త్రీలకు బడికి పోవు పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. పిల్లలతో చెప్పరానిచో ఊరి ఆశా కార్యకర్తతో చెప్పవచ్చును, ఆమెయు ఆడుమనిషియే.

కాగితము చేతికి వచ్చిన వైద్యునికి రోగి నిర్ణయము పది నిమిషముల పని. కాగితము లేక "గ్యాసు" అని ఒక్క మాట చెప్పినచో ఆయన గ్యాసుబిళ్ల వ్రాసి తరువాతివారిని పిలుచును. బయట వరుసలో ఇంకను అరువదిమంది యుందురు. వారిలోను ఇద్దరో ముగ్గురో ఈ బాధ గలవారే.